బరువు తగ్గించే ఆపరేషన్ – ఆ తర్వాతి సంగతులు

(మన సంఘం ఉగాది సమావేశంలో, న్యూఢిల్లీ అశోకా రోడ్‌లోని ఆంధ్రప్రదేశ్ భవన్‌లో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి "ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. ఆరోగ్యం మీద నాలుగు మాటలు ఎవరైనా చెబుతారు. పొద్దున్నే నడవండి, నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి. ఇవి మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆర్మీ మెడికల్ కోర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి, తెలియకేం? అన్నీ తెలిసి కూడా 121 కిలోలకి చేరాను. అందుకని "నా కడుపు గురించి మాట్లాడతానండీ, ఫర్వాలేదా?" అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ ఇష్టం సార్, భోజనాలకి ముందు మాత్రం వద్దు" అన్నారు. చివరికి భోజనాలకి ముందే పెట్టారు.

2018 ఫిబ్రవరిలో నాకు బేరియాట్రిక్ సర్జరీ జరిగింది. అంటే బరువు తగ్గించే ఆపరేషన్. ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పడానికి సర్జన్లున్నారు. నేను చెప్పేది డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన మర్నాటి నుంచి మొదలయ్యే సంగతి. నేను దెబ్బతిన్నది అక్కడే గనుక.

మా ఊరు పశ్చిమ గోదావరిలో, మిలిటరీ మాధవరం అని మీరంతా వినే ఉంటారు, దానికి దగ్గర్లోనే. ఇంటికొక ఫౌజీ ఉండే ప్రాంతం. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పొద్దున పీటీ, సాయంత్రం గేమ్స్; తిన్నది తిన్నట్టు కరిగిపోయేది. రిటైరయ్యాక ఢిల్లీలోనే ఉండిపోయి, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి చూసుకున్నాను. పీటీ రిటైరైంది గానీ ఆకలి రిటైరవలేదు. పదేళ్ళు తిరిగేసరికి షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు, పక్కగదిలో వాళ్ళు కూడా నిద్రపోలేనంత గురక. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. బరువుని ఎత్తుతో లెక్కగట్టే బి.ఎం.ఐ. 43 దగ్గర ఉంది. మన భారతీయులకి 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు. రోజుకి 40 యూనిట్ల ఇన్సులిన్ పొడుచుకునేవాణ్ణి.

ఆపరేషన్ మాట ఎత్తితే మొదట నాకూ భయమే వేసింది. ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో చెబితే నవ్వుతారు. ఈ అశోకా రోడ్డు నుంచే వచ్చింది. మనం కూర్చున్నది 1వ నంబరు. ఇదే రోడ్డులో 11వ నంబరు బంగళాలో 2018 దాకా భారతీయ జనతా పార్టీ కేంద్ర కార్యాలయం ఉండేది. ఆ పార్టీ అధ్యక్షులుగా ఉండగానే గడ్కరీ గారు 2011 సెప్టెంబరులో ముంబయిలో ఈ సర్జరీ చేయించుకున్నారు. 2014 సెప్టెంబరులో అరుణ్ జైట్లీ గారు ఢిల్లీలో చేయించుకున్నారు; అప్పుడాయన ఆర్థిక శాఖతో పాటు రక్షణ శాఖ కూడా చూస్తున్నారు. మా బ్యాచ్ వాళ్ళం నలుగురం ఈ భవన్ క్యాంటీన్లో కూర్చుని పేపరు చదువుతూ, "రక్షణ మంత్రి గారే చేయించుకున్నాక మనకేం భయంరా" అనుకున్నాం. చేతిలో పూరీ ఉంది అప్పుడు.

అయితే పేపర్లో ఆపరేషన్ వార్త మొదటి పేజీలో వస్తుంది. ఆ మనిషి మూడో నెల, ఆరో నెల, ఆరో ఏడు రక్తపరీక్షకి వెళ్ళాడా లేదా అన్నది ఎవరి గురించీ ఏ పేజీలోనూ రాదు. మనకి తెలిసేది సగం కథే.

ఇంకో మాట. చాలామంది దీన్ని కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. అది చర్మం కింది కొవ్వు తీసే పని, ఇది జీర్ణకోశం దారిని మార్చే పని. రెంటినీ కలిపి భయపడకండి, రెంటినీ కలిపి ఆశపడకండి.

దీనిలో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ అనేదానిలో కడుపులో ముప్పావు వంతు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో గొట్టంలా కుడతారు. నాకు చేసింది బైపాస్. కడుపు పైభాగంలో ఉగ్గుగిన్నెడు పట్టే చిన్న సంచిని, అంటే 30 మిల్లీలీటర్ల మాట, విడదీసి, చిన్నపేగుని కింద నుంచి పైకి తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది పాత కడుపులోకి, చిన్నపేగు మొదటి భాగంలోకి పోకుండా దాటి వెళ్ళిపోతుంది. ఏలూరు ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీద పోయే బస్సుని గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో దిగాల్సినవాళ్ళు ఏమైపోతారు? ఆ ప్రశ్న మళ్ళీ వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే నా షుగర్ దిగిపోయింది. బరువు ఇంకా తగ్గకముందే! పేగుల్లో పుట్టే హార్మోన్లు మారడం వల్ల అలా జరుగుతుందట. ఆసుపత్రిలోనే ఇన్సులిన్ ఆపేశారు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇంట్లో పాత మందుల డబ్బా అలాగే ఉంటుంది. అలవాటు ప్రకారం పాత షుగర్ మాత్ర, పాత బీపీ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి, బీపీ పడిపోయి మనిషే పడిపోతాడు. ఢిల్లీ మే నెల ఎండలో, నీళ్ళు సరిగ్గా తాగలేని ఆ మొదటి నెలల్లో, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర వేసుకుంటే చెప్పనక్కర్లేదు. మా ఆవిడ ఆ డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసింది. డాక్టరు కొత్తగా రాసిచ్చిన చీటీ ఒక్కటే ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. ఇరవై ఎనిమిదేళ్ళ మెడికల్ కోర్ అనుభవం నాది, తెలివి మాత్రం ఆవిడది.

మొదటి రెండు వారాలు పల్చటి ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా చిదిమినవి, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. డైటీషియన్ పంజాబీ అమ్మాయి. దలియా, మూంగ్ దాల్ చీలా, పనీర్ భుర్జీ అని రాసిచ్చింది. మా ఆవిడ ఆ కాగితాన్ని మన వంటింట్లోకి దించింది. చీలా అంటే మన పెసరట్టేగా! నూనె లేకుండా చిన్న పెసరట్టు, ఉడికిన గుడ్డు, గట్టి పప్పు, వెన్న తీసిన మజ్జిగ, ముళ్ళు తీసిన చేప. లెక్క ఏమిటంటే రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు పడాలి. ఒక గుడ్డులో 6 గ్రాములే. ఉగ్గుగిన్నెడు కడుపులో 60 గ్రాములు ఎలా పట్టిస్తారు? మొదటి ముద్ద పప్పుకో గుడ్డుకో చేపకో ఇవ్వాలి, అన్నానికి ఇవ్వకూడదు. మనం అన్నంలో పప్పు కలుపుకుంటాం. నేనిప్పుడు పప్పులో అన్నం కలుపుకుంటాను, రెండు చెంచాలు. భోజనంతో నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. మాంసకృత్తులు చాలకపోతే శరీరం కొవ్వుతో పాటు కండని కూడా తినేస్తుంది. బరువు మిషనుకి కొవ్వు పోయిందో కండ పోయిందో తెలియదు, రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది. అందుకే నడకతో పాటు చిన్న బరువులు ఎత్తే కసరత్తు కూడా చేయమంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఫౌజీకి చెప్పక్కర్లేదు.

నాలుగో నెలలో మా మేనల్లుడు ఊరి నుంచి వస్తే ఇక్కడికే భోజనానికి తీసుకొచ్చాను. టోకెను రెండు తీసుకున్నాను, మొహమాటానికి. పళ్ళెంలో పూరీ, పప్పు, గోంగూర, కందిపొడి, నెయ్యి. వడ్డించేవాళ్ళ సంగతి మీకు తెలుసు, వద్దన్నా వదలరు. పూరీ ముక్క రెండుసార్లు నమిలి మింగాను. గుండెల దగ్గర ఇటుక పెట్టినట్టు ఆగిపోయింది. నోట్లో నీళ్ళు ఊరిపోతున్నాయి, కళ్ళంట నీళ్ళు. లేచి బయటికి పరుగెత్తాను. అశోకా రోడ్డు ఫుట్‌పాత్ మీద వేపచెట్టు పట్టుకుని నిలబడితే సెక్యూరిటీ కుర్రాడు "అంకుల్‌జీ, గుండెనొప్పా?" అని కుర్చీ తెచ్చాడు. మా మేనల్లుడు లోపల నా పళ్ళెం కూడా తినేసి వచ్చాడు.

తీపి సంగతి ఇంకో రకం. బైపాస్ అయినవాళ్ళు పూతరేకో బొబ్బట్టో గబుక్కున తింటే అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనం. దాన్ని డంపింగ్ అంటారు. కొందరికి గంట, రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నాకు ఒక సంక్రాంతికి జరిగింది. మళ్ళీ అరిసె వంక చూడలేదు... చూశాను, తినలేదు.

మూడో నెల నుంచి జుట్టు ఊడింది. ఒక్కసారిగా బరువు తగ్గితే అలా ఊడుతుందట, కొన్ని నెలలకి మళ్ళీ వచ్చింది. తిరుపతిలో ఇచ్చాననుకున్నాను. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా ఆరునెలలు మాత్ర వాడాను. ఇవన్నీ ముందే చెప్పారు గనక కంగారు పడలేదు.

బరువు మాత్రం జారుడుబల్ల మీద దిగినట్టు దిగింది. 2019 ఆగస్టుకి 79 కిలోలు. 42 కిలోలు పోయాయి! గురక లేదు, ఇన్సులిన్ లేదు. పాత యూనిఫాం తీసి తొడుక్కుని ఫోటో దిగాను. ఎక్కడికి వెళ్ళినా చప్పట్లే. నిజం చెబుతున్నాను, ఆ చప్పట్లే నన్ను ముంచాయి. 2019 వరకు రివ్యూకి తప్పకుండా వెళ్ళాను. 2020లో కోవిడ్ వచ్చింది, ఆసుపత్రి ఛాయలకి పోవద్దన్నారు, ఒక రివ్యూ పోయింది. తర్వాతది నేనే మానేశాను. మిషనెక్కితే 80, 81. అంతా బాగుంది కదా, ఇక ఆ విటమిన్ బిళ్ళలెందుకు అని అవీ ఒకటొకటిగా ఆపేశాను. సర్వీసులో ఉండగా రివ్యూ తేదీకి రాని జవాన్లని నేను తిట్టని తిట్టు లేదు. "డిశ్చార్జి స్లిప్పు చదవడం రాదా?" అనేవాణ్ణి. నా డిశ్చార్జి స్లిప్పు బీరువాలో చీరల కింద ఉంది.

2021 డిసెంబరులో ఊరెళ్ళాను. రాత్రి కరెంటు పోయింది, పెరట్లోకి వెళ్తూ మెట్టు దగ్గర పడిపోయాను. చీకట్లో కాలి కింద నేల ఎక్కడుందో కాలికి తెలియలేదు. ఆలోచిస్తే అప్పటికి నాలుగైదు నెలలుగా అరికాళ్ళ కింద దూది పరిచినట్టుంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఆయాసం కూడా ఉంది, వయసనుకున్నాను. ఢిల్లీ వచ్చాక డాక్టరుకి చూపిస్తే "షుగర్ పేషెంటు కదా, నరాలు దెబ్బతిన్నాయి" అని మందు రాశారు. ఆయన తప్పేం లేదు, నేను చెప్పిందే అంత. రెండు నెలలు వాడాను, తగ్గలేదు.

మరోసారి వెళ్ళినప్పుడు ఒక యువ డాక్టరమ్మ చూశారు. కాగితాలు తిరగేసి, "మూడు నెలల షుగర్ సగటు 5.9 ఉంది. షుగర్ ఇంత బాగున్నప్పుడు కాళ్ళు ఇప్పుడెందుకు మొద్దుబారాయి? మీకేదైనా ఆపరేషన్ అయిందా?" అన్నారు.

"బైపాస్ అయిందమ్మా" అన్నాను.

"గుండెకా?"

"కాదమ్మా, కడుపుకి."

ఆవిడ పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. "ఎన్నేళ్ళయింది? బి-12 ఎప్పుడు చూపించుకున్నారు?" నేను మాట్లాడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజక్షన్లు ఇచ్చిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రిపోర్టులో బి-12 ఉండాల్సిన కనీసంలో సగం కూడా లేదు. హిమోగ్లోబిన్ 8.9. డి విటమిన్ అడుగంటింది. తూకం మాత్రం 83, చక్కగా ఉంది. ఒంట్లో ఒక్కొక్కటీ ఖాళీ అయిపోతుంటే తూకాన్ని చూసుకుని మురిసిపోయాను.

ఇప్పుడు ఆ బస్సు సంగతికి వద్దాం. ఇనుము, కాల్షియం ఎక్కువగా దిగేది చిన్నపేగు మొదటి భాగంలోనే. బి-12 ఒంటికి పట్టాలంటే కడుపులో ఊరే ఆమ్లం కావాలి, అక్కడే తయారయ్యే ఒక పదార్థం తోడు రావాలి. బస్సు ఊళ్ళోకి పోదు గనక వీళ్ళెవరూ సరిగ్గా దిగలేరు. మరి మొదటి రెండేళ్ళూ నాకెందుకు తెలియలేదంటారా? లివర్లో బి-12 నిల్వ ఏళ్ళ తరబడి సరిపోయేంత ఉంటుంది. గాదెలో పాత ధాన్యం ఉన్నన్నాళ్ళూ పొలం ఎండిన సంగతి ఇంట్లో పిల్లలకి తెలియదు కదా. గాదె అడుగు కనిపించిన రోజునే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. స్లీవ్ అయినవాళ్ళకీ ఈ లోపం వస్తుంది, మాకేం అనుకోవద్దు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడిన షుగర్ పేషెంట్లకి ఆపరేషన్ లేకపోయినా బి-12 తగ్గవచ్చు. ఈ హాల్లో అలాంటివాళ్ళు సగం మందైనా ఉంటారు, ఒకసారి అడిగి చూపించుకోండి.

ఇంజక్షన్లు మొదలుపెట్టాక ఆయాసం నెలలో పోయింది. కాళ్ళ స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. రెండు కాళ్ళ బొటనవేళ్ళు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. ఇక అంతే అన్నారు.

మీలో ఆపరేషన్ అయినవాళ్ళు, మీ ఇళ్ళల్లో అయినవాళ్ళున్నవాళ్ళు రాసుకోండి. మొదటి ఏడాది మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల, ఆ తర్వాత ప్రతి ఏడాదీ, బతికినన్నాళ్ళూ రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ, బి-12, ఫోలేట్, కాల్షియం, డి విటమిన్, పారాథైరాయిడ్ హార్మోను. కాల్షియం బిళ్ళల్లో సిట్రేట్ రకం అడగండి. కార్బోనేట్ రకం పట్టడానికి కడుపులో ఆమ్లం కావాలి, మనకది తక్కువ. ఇనుము బిళ్ళా కాల్షియం బిళ్ళా కలిపి మింగకండి, రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఇనుము బిళ్ళని టీతో మింగితే మింగనట్టే. నేను అలాగే మింగేవాణ్ణి, ఢిల్లీ చలిలో పొద్దున్నే చేతిలో ఉండేది టీ గ్లాసే కదా.

ఇక మోకాళ్ళు. మనందరికీ మోకాళ్ళు అరిగే ఉన్నాయి. నొప్పి వస్తే మెడికల్ షాపుకెళ్ళి డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో కొనుక్కుని వేసుకోవడం మన అలవాటు. బైపాస్ అయినవాళ్ళకి ఆ మందులు నిప్పుతో సమానం. కుట్టు వేసి కలిపిన చోట పుండు పడుతుంది. మా మిత్రుడొకడు, సిగ్నల్స్‌లో చేశాడు, పది రోజులు వరసగా వేసుకుని నల్లటి విరేచనం అయి ఆసుపత్రిలో నాలుగు సీసాల రక్తం ఎక్కించుకున్నాడు. వాడికి సిగరెట్టు కూడా ఉంది, అదీ పుండుకి నూనె పోస్తుంది. నొప్పికి ఏది వాడాలో డాక్టర్ని అడగండి, అడిగేటప్పుడు కడుపు బైపాస్ అయిందని చెప్పండి. నేనొక కార్డు చేయించి జేబులో పెట్టుకున్నాను. ఏ ఆపరేషన్, ఏ సంవత్సరం, ఏ మందులు పడవు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడింట్లో. ఊళ్ళో పడిపోతే తెలుగు అవసరం కదా. మెడలో గుర్తింపు డిస్కు వేసుకుని తిరిగినవాళ్ళం, ఒక కార్డు బరువా?

చెప్పడానికి కాస్త ఇబ్బందైనా ఇంకొకటి చెప్పాలి. రమ్ము. మనవాళ్ళకి క్యాంటీన్ కోటా ఉంది, శీతాకాలం ఉంది, పాత స్నేహితులున్నారు. బైపాస్ తర్వాత మందు కడుపులో ఆగదు, నేరుగా పేగులోకి పోయి రక్తంలోకి గబగబా ఎక్కుతుంది. మునుపు రెండు పెగ్గులకి ఎక్కేది ఒకదానికే ఎక్కుతుంది. అమెరికాలో దాదాపు రెండు వేల మందిని పరిశీలించి 2012లో ప్రచురించారు: మద్యం వ్యసనం లక్షణాలు ఆపరేషన్‌కి ముందు ఏడాది 7.6 శాతం మందిలో ఉంటే, ఆపరేషన్ తర్వాత రెండో ఏడాదికి 9.6 శాతానికి పెరిగాయి. గమనించండి, మొదటి ఏడాది కాదు, రెండో ఏడాది. అంతా సద్దుమణిగింది, ఇక ఫర్వాలేదు అనుకునే సమయం అది. తిండితో తీర్చుకునే బాధ ఒకటి లోపల ఉంటుంది చూడండి, తిండి దారి మూసేస్తే అది వేరే దారి వెతుక్కుంటుంది. భర్త మౌనంగా ఉంటున్నాడు, ఒక్కడే తాగుతున్నాడు అంటే, అమ్మా, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. ఫాలో-అప్ అంటే అదీ కలిపే.

ఆడపిల్లలకి ఈ ఆపరేషన్ చేయిస్తే ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. పెళ్ళి సంబంధాల హడావిడిలో ఈ మాట చెప్పకుండా దాచే తల్లిదండ్రుల్ని చూశాను. దాచకండి.

బరువు మళ్ళీ పెరుగుతుందా అని అందరూ అడుగుతారు. కొంత పెరుగుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. బైపాస్ అయినవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్ళకి అది 25 శాతం దగ్గర నిలబడింది. ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే 2022లో అంత కుంగిపోయేవాణ్ణి కాదు. కాళ్ళు బాగోక ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది 94 కిలోలకి వచ్చాను. ఉగ్గుగిన్నె కడుపుతో 94 ఎలా? అదీ చెబుతాను. ఒక్కసారిగా పళ్ళెం నిండా తినలేం గానీ, టీవీ ముందు కూర్చుని గంటకోసారి నాలుగు జంతికలు, గుప్పెడు మిక్స్చర్, టీలో రెండు బిస్కెట్లు తింటే ఆ కడుపు అడ్డం చెప్పదు. మెత్తగా కరిగిపోయేవాటికి ఏ ఆపరేషనూ గేటు వేయలేదు. సిగ్గుతో ఆసుపత్రికి వెళ్ళలేదు. బరువు పెరిగినవాడు మొదట తప్పించుకు తిరిగేది తనకి సాయం చేసే మనిషి దగ్గర్నుంచే. చివరికి వెళ్తే ఆ డాక్టరు గారు తిట్టలేదు. "121 నుంచి 94, ఇది ఓటమి కాదు, రెండేళ్ళు ముందు రావాల్సింది" అన్నారు. ఏం తిన్నానో రాయమని ఒక పుస్తకం ఇచ్చారు. అందులో జంతికల పేజీ చూసి ఆయనే నవ్వారు. ఇప్పుడు 87లో ఉన్నాను.

ఇప్పుడు ఇంజక్షన్లు వచ్చాయి కదా, కోత ఎందుకు అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. నిజమే, 2025లో మన దేశంలో మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాయి. మంచి మందులే, డాక్టరు చూసి ఇస్తే. కానీ వెగోవీలో ఉన్న మందునే ఆపేసినవాళ్ళు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారని 2022లో ప్రచురించారు. కత్తయినా సూదయినా రివ్యూ తేదీ తప్పదు.

ఇంట్లోవాళ్ళకీ ఒక విన్నపం. మా అక్కయ్య ఉంది. ప్రతి పెళ్ళిలో "ఏంరా, ఏం తినలేదు, నా చేతి ముద్ద ఒక్కటి" అంటుంది. ప్రేమే. ఆ ముద్ద అడ్డం పడితే లేచి పరుగెత్తేవాణ్ణి నేను. వియ్యాలవారి ఇంట్లో ఒకసారి "మా వంట నచ్చలేదు" అనుకున్నారు. ఇప్పుడు మా ఆవిడ ముందే వెళ్ళి వడ్డించేవాళ్ళకి చెప్పి వస్తుంది: "ఆయనకి చిన్న గిన్నెలో పప్పు, ఒక చేపముక్క. రెండోసారి అడగొద్దు బాబూ." ఒకటి రెండు రోజులకి మించి వాంతులు ఆగకపోతే, ఎన్నాళ్ళకైనా సరే, ఆసుపత్రికి పరుగెత్తాలి, బి-1 విటమిన్ తగ్గి మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఆపరేషన్ అయిన కొత్తలో జ్వరం, గుండెదడ వచ్చినా, ఏళ్ళ తర్వాత ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.

ఢిల్లీలో ఇలాంటి ఆపరేషన్ అయిన మనవాళ్ళం ఐదుగురం ఉన్నాం. నెల మొదటి ఆదివారం పొద్దున ఇండియా గేట్ దగ్గర ఫాలిన్ అవుతాం. అశోకా రోడ్డు మీదుగా విండ్సర్ ప్లేస్, పటేల్ చౌక్ దాటి గోల్ డాక్ ఖానా దాకా నడక, తిరిగి రావడం. దారిలో రోల్‌కాల్: ఎవరి రక్తపరీక్ష ఎప్పుడు, ఎవరు బిళ్ళలు మానేశారు, ఎవరు మోకాలికి ఏం మింగారు. అబద్ధం చెబితే మా హవల్దార్ సాబ్ మొహం చూసే పట్టేస్తాడు. ఇదివరకు రక్తపోటు చూసే కుర్రాడిగా నేను ఎందరినో ఇలాగే పట్టుకున్నాను. ఇప్పుడు నా వంతు. ఆరోవాడు ఎవరైనా ఉంటే, లేదా చేయించుకుందామని ఆలోచిస్తున్నవాళ్ళుంటే, ఆ ఆదివారం వచ్చేయండి. ఆపరేషన్‌కి ఎంతవుతుందని అందరూ అడుగుతారు. ఆ తర్వాత ఏటా పరీక్షలకీ బిళ్ళలకీ ఎంతవుతుందో, మీ పాలీక్లినిక్‌లో ఏవి దొరుకుతాయో అది కూడా ముందే కనుక్కుని రండి.

వెనకాల నుంచి కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. సాంబారు చల్లారిపోతోందట. నా పళ్ళెంలో ఏముంటుందో చూడాలనుకున్నవాళ్ళు నా పక్కన కూర్చోండి, పూరీ నా వాటాది మీరే తినొచ్చు.

జై హింద్.